పిడికెడు బియ్యం, టేకు అల్మారా

ముందుగా దేవునికి స్తోత్రం. కోటా బియ్యంలో అన్ని రాళ్ళున్నా నా పళ్ళను కాపాడిన దేవునికి, ఇరుకు గల్లీలో అంత పెద్ద సామాను మోసిన ఈ భుజాలను ఇప్పటికీ వాటి చోట్లో ఉంచిన దేవునికి, నా అతి తెలివిని కూడా వృథా పోనివ్వని దేవునికి మహిమ కలుగును గాక. చదువుతున్న మీరు కూడా నాతో కలిసి ఒక్క 'ఆమెన్' చెప్పండి. (మనసులో చెప్పినా చెల్లుతుంది. పైకి చెప్తే పక్కనున్నవాళ్ళకు సంజాయిషీ మీరే ఇచ్చుకోవాలి.)

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, లాల్‌దర్వాజా వెనక గల్లీల్లో ఓ రేకుల షెడ్డులో మా సంఘం కూడేది. నాకు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. లోకంలో ఇంకా అన్యాయం ఉండటానికి కారణం తన చేతికి ఎవరూ అధికారం ఇవ్వకపోవడమే అని నమ్మే వయసు. అప్పుడే ఓ సర్కారు ఫ్యాక్టరీలో, జీతాల సెక్షన్‌లో గుమాస్తాగా చేరాను. పెద్ద ఆఫీసర్ల జీతాల్లోంచి ఆదాయపు పన్ను కోయడం నా పని. (నా జీతం పన్ను దాకా ఎదగలేదు. అయినా కోస్తుంటే నొప్పి నాకే పుట్టేది.) వాళ్ళు నా బల్ల దగ్గర నిలబడి గొణిగేవారు: "మా జీతం మీ చేతికి దొరికింది గనక కోస్తున్నరు. దుకాణం పెట్టుకున్నోని గల్లా పెట్టెల చెయ్యి ఎవడు పెడ్తడయ్యా?" ఆ మాట నా బుర్రలో చీమలా పాకుతూ నాతోపాటు గుడి దాకా వచ్చింది.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఇంటి ఇల్లాలు బియ్యం కడిగే ముందు పూటకొక పిడికెడు తీసి, దేవుని పేరున ఓ చిన్న కుండలో వేస్తుంది. ఆదివారం ఆ మూట తెచ్చి గంగాళంలో పోస్తుంది. ఆ గంగాళాన్ని మా మేనత్త అయ్యగారింటికి, అంటే మా పాస్టరుగారింటికి చేరుస్తుంది. అయ్యగారికి జీతం అని ఒకటుండేది గానీ అది ఎప్పుడూ దారిలోనే ఉండేది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పిడికిళ్ళతోనే. ఆయనకు ఐదుగురు పిల్లలు, ఐదుగురికీ దేవుడిచ్చిన మంచి ఆకలి.

నాకు ఇందులో ఘోరం కనిపించింది. టింబర్ డిపో ఉన్న మా సంఘపెద్ద (మేం చాటున 'టేకు పెద్దయ్య' అనుకునేవాళ్ళం) ఇంట్లో పూటకు పిడికెడే. మాదన్నపేట మార్కెట్లో చింతపండు అమ్ముకునే విధవరాలు హల్లెలూయ అవ్వ ఇంట్లో కూడా పిడికెడే. అవ్వ వండుకునేదే రెండు పిడికిళ్ళు! సంఘం మీటింగులో లేచి నిలబడి, ఉన్నవాళ్ళ మీద ఎక్కువ, లేనివాళ్ళ మీద తక్కువ పడేలా దర్జాలు పెట్టాలని ప్రసంగించాను. మొదటి దర్జాకు పూటకు ఐదు పిడికిళ్ళు, రెండో దర్జాకు రెండు, మూడో దర్జాకు అరపిడికెడు.

టేకు పెద్దయ్య నిదానంగా లేచాడు. "తమ్మీ, నా డిపోల కట్టెలున్నయి. పైసల్లేవు. అమ్ముడుపోయినప్పుడు ఉన్నోన్ని, అమ్ముడుపోనప్పుడు లేనోన్ని. నన్ను ఏ దినం చూసి ఏ దర్జల పెడ్తవు?"

"ఆదాయం సంగతి అడగం పెద్దయ్యా," అన్నాను. "ఆదాయం దాస్తే దాగుతుంది. ఇంట్లో ఉన్న సామాను చూస్తాం. ఫ్యాను, రేడియో, గడియారం, అల్మారా. కంటికి కనబడేది ఎక్కడ దాస్తారు?"

మా అత్త నోట్లో కొంగు పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందని అప్పుడు నాకు తెలియలేదు, భక్తి అనుకున్నాను. అయ్యగారు మాత్రం, "మా పొయ్యి ఆరకుంటే చాలు నాయనా," అన్నారు. నన్నూ, అత్తనూ కలిపి కమిటీ అన్నారు. ఆ రోజు నుంచి సంఘంలో నా పేరు సుంకరి.

శనివారం ఇళ్ళు చూడటానికి వస్తామని ఆదివారమే ప్రకటించాను. (న్యాయమైన పన్నుకు ముందస్తు సమాచారం ఉండాలని మా సెక్షన్ సూపరింటెండెంట్ అనేవాడు. ఆ ముక్క ఒక్కటి నేను వినకపోయినా బాగుండేది.) ఆ ఆరు రోజుల్లో మా సంఘమంతా ఎంత పేదదైపోయిందో చెప్పలేను. మొదటి ఇంట్లో గోడ మీద గుండ్రంగా తెల్లటి మచ్చ, దాని పైన మేకు. "ఇదేంది వదినా?" అంటే, "సున్నం ఊడింది తమ్మీ," అంది. రెండో ఇంట్లో కుర్చీ కూడా లేదు, చాప మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టాను. సగం ప్రార్థనలో బియ్యం గోలెంలోంచి ఒక ఆడగొంతు వార్తలు చదవడం మొదలుపెట్టింది. ఇంటాయన కళ్ళు తెరవకుండానే, "పక్కింటోళ్లది అన్నా. గోడ పల్చగున్నది," అన్నాడు. మూడో ఇంటి మేక కార్వాన్‌లో చుట్టాలింటికి పోయిందట. మేక ఒక్కతే పోయిందా అని అత్త అడిగింది.

అక్కడ నుంచి టేకు పెద్దయ్య ఇంటికి పోయే గల్లీ మలుపు తిరిగేసరికి దారి లేదు. గల్లీకి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బిగుసుకుని, మనిషిన్నర ఎత్తు టేకు అల్మారా నిలబడి ఉంది. దాని ముందు టేకు పెద్దయ్య, చిరిగిన బనీనులో, చెమటలు కక్కుతూ. అవతలి వైపు నుంచి, కనబడని ఓ సైకిల్ మనిషి గంట కొడుతున్నాడు. "క్యా మియా, గల్లీలనే ఇల్లు కట్టుకుంటున్నరా ఏంది? నా పాలు విరుగుతున్నయి!"

"ఎవరిది పెద్దయ్యా ఇది?" అన్నాను.

"నాది కాదు."

"మీ ఇంటి ముందే ఉంది కదా?"

"ఇంటి ముందర వాన గిట్ల పడ్తది. నాదా?"

"మరి ఎవరిది?"

"నాకేం ఎర్క? నాది కాదంటున్న గదా." ఆయన మూడోసారి ఆ మాట అన్నప్పుడు, బైబిల్లో కూసినట్టు కోడి కూయలేదు గానీ, అల్మారా కడుపులో ఉన్న గోడ గడియారం ఠంగున గంట కొట్టింది. ఆయన అదిరిపడి, చెయ్యెత్తి గల్లీ చివరి గది చూపించాడు. "హల్లెలూయ అవ్వది కావొచ్చు. గటే పోతుండె."

విధవరాలి సామాను దారిలో ఉండిపోవడమా? నేను చొక్కా చేతులు మడిచాను. ఇక్కడ ఒక్క నిమిషం చదవడం ఆపి, నాతో కలిసి ఆ రోజు నడుముల కోసం ప్రార్థించండి: నాది, పాలాయనది, ఏ సంబంధం లేకపోయినా దిగిన ఇద్దరు బాటసారులది. దేవుడు వారిని ఆశీర్వదించును గాక. ఆ అల్మారాను మూల తిప్పి, ఓ గడపకు దండం పెట్టించి, చివరికి అవ్వ గదిలోకి తోశాం. పెద్దయ్య వెనకాలే నడిచాడు, శవం వెంట మట్టికి పోతున్న మనిషిలా.

అవ్వ గదిలో అప్పటికే ఇంకా సామాను ఉంది. టేకు పడకకుర్చీ, టేబులు ఫ్యాను, రేడియో. అన్నీ చాప మీద ముత్తయిదువల్లా వరసగా కూర్చున్నాయి.

"ఇవన్నీ నీవేనా అవ్వా?" అన్నాను.

అవ్వ పెద్దయ్య వైపు చూసింది. పెద్దయ్య గోడ వైపు చూశాడు. "పెద్దయ్యే చెప్పాలె బిడ్డా. ఆయనవి అయితే ఆయనవి. కాకపోతే నావి. హల్లెలూయ."

"ఆమెవే," అన్నాడు పెద్దయ్య గోడతో.

అత్త నా చెవి దగ్గరకు వచ్చింది. "కండ్లు కనబడ్తలేవారా? కరెంటే లేని అర్రల ఫ్యాను ఎందుకుంటది?"

"నియమం అంటే నియమం అత్తా. సామాను ఉంటే పన్ను ఉంటది," అని, అవ్వను మొదటి దర్జాలో వేశాను. పూటకు ఐదు పిడికిళ్ళు. సంఘంలో మొదటి దర్జా ఆమె ఒక్కతే. టేకు పెద్దయ్య ఇంట్లో ఒక చాప, రెండు ముంతలు కనబడ్డాయి గనక ఆయన మూడో దర్జా.

అవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఆమె ముఖం దీపంలా వెలిగింది. "నిజమేనా బిడ్డా? ఇగ ఆదివారం బీదోళ్ల కోసం ప్రార్థన చేసెటప్పుడు నా పేరు ఎత్తరు గదా? ఏండ్ల సంది వింటున్న. దేవునికి గూడ నా మొఖం చూస్తే యాష్టకొచ్చి ఉంటది."

మర్నాడు ఆదివారం గంగాళం అడుగు కనబడింది. అవ్వ తప్ప అంతా మూడో దర్జావాళ్ళే, గడిచిన వారానికి కూడా అరపిడికెడు లెక్కే కట్టారు. అవ్వ ఐదు పిడికిళ్ళు ఇంకా రాలేదు. అమ్మగారు (అయ్యగారి భార్య) ఆ గంగాళాన్ని ఒంచి చూసి, ఎంతో మర్యాదగా అంది: "నీ పద్ధతి మంచిదే నాయనా. మా కుండకు సమజైతలేదు. ఇంకొక వారం చూస్త. తర్వాత పిల్లలను తీస్కొని మా తల్లిగారింటికి పోత." నాకు ఆ వారమంతా అన్నం సహించలేదు. ముద్ద ఎత్తినప్పుడల్లా ఐదు జతల కళ్ళు నన్ను చూసేవి.

మరుసటి ఆదివారం అవ్వ వచ్చింది. నెత్తిన గోనె మూట! రెండు చేతులా గంగాళంలో పోస్తుంటే బియ్యం శబ్దానికి పాట ఆగిపోయింది. అదే సమయానికి, ముందు వరసలో, టేకు పెద్దయ్య భార్య లేచి నిలబడింది. రెండు ఆదివారాలుగా ఆమె ఒకే నేత చీరలో వస్తోంది. ఆమె చూపు అవ్వ మీద లేదు. మార్కెట్లో అవ్వ పక్కన కొత్తిమీర అమ్మే ఆవిడ మీద ఉంది. ఆ ఆవిడ ఒంటి మీద నెమలి రంగు పట్టుచీర.

"అది నా చీర," అంది పెద్దమ్మ.

"అల్మారల దొరికింది అమ్మా," అంది అవ్వ నిమ్మళంగా. "తాళంచెవి దానికే ఉండె. పూటకు ఐదు పిడికిళ్లు నేనేడ తెస్త? చీరలు కిరాయికి ఇస్తున్న. పెండ్లికైతే తవ్వెడు బియ్యం, పేరంటానికి సోలెడు. రేపు నీ జరీ చీర పేట్లబురుజుకు పోతున్నది."

"నా అల్మార చీరలు నువ్వెట్ల ఇస్తవు?"

"నీదెట్లయితది బిడ్డా? నాదని మీ పెద్దాయనే చెప్పిండు. దాని మీద పన్ను నేను కడ్తున్న. పన్ను నాది, సామాను నీదా?"

పెద్దమ్మ భర్త వైపు తిరిగింది. ఆ చూపు నేను చూశాను, బైబిల్లో లోకాంతం రాసిన ప్రకటన గ్రంథం చదివినవాడిని గనక నాకు కొత్తగా అనిపించలేదు. పెద్దయ్య లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "అయ్యగారూ, సాక్ష్యం చెప్పుకోవాలె," అన్నాడు.

"చెప్పండి," అన్నారు అయ్యగారు.

"అల్మార నాది." ఒక వేలు మడిచాడు. "ఫ్యాను నాది. రేడియో నాది. గడియారం గూడ. కట్టెలు... అవి గూడ నావే. నన్ను మొదటి దర్జల రాస్కో తమ్మీ. నా ఇంటి బట్టలు నాకు ఇప్పియ్యుండ్రి."

"హల్లెలూయ," అంది అవ్వ.

ఆ తర్వాత జరిగింది నేను ఏ ఉజ్జీవ కూటంలోనూ చూడలేదు. వెనక నుంచి ఎవరో లేచి, "గోలెంల రేడియో నాది," అన్నారు. "సున్నం ఊడలేదు, గడియారమే తీసిన," అంది వదిన. "మేక కార్వాన్‌ల ఉన్నది, అది నాదే, రేపు వస్తది," అన్నారు ఇంకొకరు. జనం తమ పాపాలు ఒప్పుకోవడం చాలాసార్లు విన్నాను. ఆస్తులు ఒప్పుకోవడం అదొక్కసారే. ఆ వారం గంగాళం మోయడానికి అత్తకు ఇద్దరం తోడు కావలసి వచ్చింది. అమ్మగారు పుట్టింటికి సర్దిన మూట విప్పింది.

నా దర్జాలు మాత్రం నెల తిరగకుండానే పోయాయి. అత్త తీసేసింది. "ఎవరి సామాను ఏందో ఇప్పుడు అందరికీ ఎర్క," అంది. "ఇగ గంగాళం ముందల నిలబడి అరపిడికెడు పొయ్యుమను, చూస్త." నా కమిటీ చేయలేని పని ఆ ఒక్క మాట ఏళ్ళ తరబడి చేసింది. పెద్దయ్య సామాను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు అవ్వ అన్నీ ఇచ్చేసి, పడకకుర్చీలో కూర్చుండిపోయిందట. "దర్జ పీకేసిన్రు. ఇది గూడనా?" అందట. ఆయన మిగతావి మోయించుకుని, ఆ కుర్చీ లెక్కలో లేనట్టే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా ఇంట్లో గదికొక ఫ్యాను ఉంది. ఫ్రిజ్ ఉంది, అల్మారాలు రెండు. చెవి మీద పెన్సిల్ పెట్టుకున్న ఆ ఇరవై ఏళ్ళ సుంకరి రేపు మా గుమ్మంలోకి వస్తే, నిజం చెప్పాలంటే, ముందు ఫ్రిజ్ మీద దుప్పటి కప్పుతాను. పాపం, అతనికి ఎండలో తిరిగి తిరిగి నాలుక పిడచగట్టి ఉంటుంది. మంచినీళ్ళిచ్చి పడకకుర్చీలో కూర్చోమంటాను. టేకుదే. అవ్వ పోయేముందు, "దీని పన్ను నీ మీదనే బిడ్డా," అని నాకిచ్చి వెళ్ళింది. పూటకొక పిడికెడు తీస్తూనే ఉన్నాను. వయసుతో చెయ్యి సన్నబడి పిడికిలి చిన్నదైంది గనక, పైన ఇంకో నాలుగు గింజలు.