పెనుకొండలో ఓబులేసు నీడ

హిందూపురంలో పొద్దున ప్యాసింజరు ఎక్కేటప్పటికి చేతిలో ఇడ్లీ పొట్లం ఇంకా వేడిగానే ఉంది. ధర్మవరం పోయి ఈశ్వరప్పను, ఆయన తోలుబొమ్మలను పెనుకొండకు తీసుకురావాలి. సాయంత్రమే ఆట. నేను బడిలో డ్రాయింగ్ టీచర్ని. జైలు నుంచి బయటపడిన కళాకారులకు ఆటలు కుదిర్చే పని మా ఊరి వకీలు ఒకాయనతో కలిసి మొదలుపెట్టి అప్పటికి కొన్నాళ్లయింది. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి.

ఈశ్వరప్ప తాను చేయని దొంగతనం కేసులో విచారణే లేకుండా ఏళ్ల తరబడి లోపల ఉన్నాడు. చివరికి కేసు కొట్టేశారు. బయటికొచ్చాక రాముణ్ణి, రావణుణ్ణి పక్కన పెట్టి, తనతో ఉన్న ఖైదీలను మేకతోలు మీద గీసి, కత్తిరించి ఆడించసాగాడు. మనుషులను ఇట్లా విచారణ లేకుండా మగ్గబెట్టొద్దని అడగడానికే ఆ ఆట.

పెనుకొండ దాటాక, ఎదుటి సీట్లో చీరల మూటతో కూచున్న ధర్మవరం నేతగాడు నేను ఎవరి కోసం పోతున్నానో విని మూటను దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ బొమ్మలు చూసినాక మా వీధిలో ఆడోళ్లు దీపం ఆర్పనీలేదక్కా. మళ్లీ ఆయప్పను ఆడనీలేదు," అన్నాడు.

ధర్మవరంలో ఈశ్వరప్ప ఇంట్లోనే సంగటి తిని, మధ్యాహ్నం బస్సెక్కాము. కండక్టరు బొమ్మల పెట్టెను టాపు మీద వేయమన్నాడు. ఈశ్వరప్ప ఒప్పుకోలేదు. ఒళ్లో పెట్టుకుని, "ఎండకు ముడుచుకుంటారక్కా," అన్నాడు నాతో. ముడుచుకుంటాయి అనలేదు.

పెనుకొండలో పొద్దు ఇంకా ఉండగానే కొండ నీడ ఊరిమీద పడుతుంది. సత్రం వాకిట్లో తెల్లగుడ్డ కట్టి, వెనక బల్బు వెలిగించాము. జనం తక్కువ. వచ్చినవాళ్లు కూడా దూరంగా గోడవారగా నిలబడ్డారు. ముందర కూచున్నది నరసమ్మవ్వ ఒక్కతే. ఆమె కొడుకు ఓబులేసు కేసు తేలకముందే జైల్లో చనిపోయాడు. ఈశ్వరప్ప ఉన్న గదిలోనే ఉండేవాడని తెలిసి పక్క పల్లె నుంచి నడిచి వచ్చింది.

తెర మీదికి నీడలు ఒక్కొక్కటే వచ్చాయి. బక్కచిక్కిన ఒక నీడ గోడ వైపు తిరిగి దగ్గింది. అవ్వ తల పైకెత్తింది.

"అమ్మా, కర్రావు ఈనిందా?" అని అడిగింది నీడ.

అవ్వ లేచి తెర దగ్గరికి పోయింది. గుడ్డ మీద, ఆ నీడ చెంప మీద అరచెయ్యి ఆనించింది.

"ఈనిందప్పా. దాని దూడ కూడా ఈనింది," అంది.

వాకిట్లో ఎవరూ కదల్లేదు. తెర మీద నీడ మాత్రం సన్నగా వణుకుతూ ఉండింది. గాలి లేదు.

ఆట ముగిశాక ఈశ్వరప్పను అడిగాను, అవ్వ జవాబు చెబుతుందని ముందే అనుకున్నావా అని. లేదన్నాడు.

"రోజూ పొద్దుగుంకేటప్పుడు ఓబులేసు ఆ మాటే గోడను అడిగేవాడక్కా. పోయే దినం కూడా అడిగినాడు. ఆ మాట ఈడ ఎవురికి చెప్పాలో నాకు తెల్లేదు."

ఆ రాత్రి సత్రం గదిలో అవ్వ, నేను పడుకున్నాము. ఆమె ఏడవలేదు. ఇకమీదట ఈశ్వరప్ప యాడ ఆడితే ఆడికి తానూ వస్తానని, ఆట అయినాక తన కొడుకు సంగతి తానే చెబుతానని అంది. అన్నట్టే తర్వాత చాలా ఊర్లు తిరిగింది.

మరుసటి పొద్దున తిరుగు రైల్లో నా పక్కన ఒక నడివయసాయన కూచున్నాడు. రాత్రి గోడవారగా నిలబడి చూశాడట. ఆయన తమ్ముడు జైల్లో ఉన్నాడు, కేసు ఇంకా విచారణకు రాలేదు.

"మావాడు బతికే ఉండాడమ్మా. ఆయప్పతో వానికీ ఒక బొమ్మ చేపిస్తే ఏమన్నా అవుతాదా?" అని మెల్లగా అడిగాడు. భయంతో అడిగాడో ఆశతో అడిగాడో ఆ ముఖం చూస్తే తెలియలేదు.

బొమ్మ వద్దు, ముందు వకీలు దగ్గరికి పోదాం అన్నాను. ఆయన మలుగూరులో దిగాల్సినవాడు. దిగలేదు. నాతోపాటు హిందూపురం దాకా వచ్చాడు.

మీరు ఎప్పుడైనా ఆ ఆట చూడబోతే చీకటి పడకముందే చేరుకోండి. ముందు వరస ఖాళీగా కనబడినా అక్కడ కూచోవద్దు. నీడ అడిగితే జవాబు చెప్పాల్సినవాళ్లు అక్కడికి వస్తారు.