వియొన్నే గౌనుకి నరసాపురం లేసు

జాక్లిన్ చేసిన తప్పు చెబితే ఇక్కడ మెల్‌బోర్న్‌లో పుట్టిన మన పిల్లలు నవ్వుతారు. నవ్వకండర్రా! మన ఇళ్ళల్లో పెరిగిన ఏ ఆడపిల్లయినా అదే చేస్తుంది. మంచి బట్టని మడతపెట్టి పెట్టెలో దాచింది, అంతే.

నరసాపురం పిల్ల. మెల్‌బోర్న్‌లో ఫ్యాషన్ డిజైను చదవడానికొచ్చి, క్లేటన్‌లో ఇంకో అయిదుగురు ఆడపిల్లలతో ఒకే ఇంట్లో సర్దుకుంది. వాళ్ళమ్మ సువార్తమ్మ నలభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది. ఆ లేసు ఏ దేశం వెళ్ళిందో, ఎవరి గౌను ఎక్కిందో ఆవిడెరగదు. ఏజెంటు వచ్చి మూట కట్టుకుపోయేవాడు. ఇప్పుడు ఆ కళ్ళకి నీటికాసుల జబ్బు. చుట్టూ చూపు పోయి, తలుపు సందులోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగిలింది. అదీ ఏడాది తిరక్కుండా పోతుందని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

"ఈలోగా నా లేసు ఒక్క గౌను మీద చూడాలే. నువ్వు కుట్టిన గౌను మీద," అంది సువార్తమ్మ. పుట్టి బుద్ధెరిగాక కూతుర్ని ఆవిడ అడిగింది అదొక్కటే.

రోజూ జాక్లిన్ కాలేజీ పాఠం ఫోన్లో అమ్మకి అప్పజెప్పేది. వర్త్ అనే ఇంగ్లీషాయన పారిస్‌లో కొట్టు పెట్టి, రాణుల గౌన్లలో తన పేరు పట్టీ కుట్టించాడంటే, "కుట్టింది ఎవత్తో, పేరు ఈయనదీనా! బాగుంది సంబడం," అని సువార్తమ్మ మూతి తిప్పింది. వియొన్నే అనే ఫ్రెంచావిడ సంగతికి వచ్చేసరికి మాత్రం అల్లిక ఆపేసింది. పేదింటి పిల్ల, పన్నెండేళ్ళకే కుట్టుపనిలో చేరింది. పెద్ద డిజైనరయ్యాక, ఎవరూ కాపీ కొట్టకుండా తన గౌన్ల పట్టీ మీద బొటనవేలి ముద్ర వేసేది.

"వేలిముద్రా? అయితే ఆవిడ మా బాపతేనే! ఆవిడ గౌనే కుట్టు."

ఆఖరి సెమిస్టరు పరీక్షకి జాక్లిన్ అదే ఎంచుకుంది. మన దర్జీలు జాకెట్టుకి క్రాస్ కటింగంటారే, వియొన్నే నిలువెత్తు గౌనంతా అలాగే, గుడ్డని ఏటవాలుగా తిప్పి కోసేది. అలా కోసిన గుడ్డ తన బరువుకి తానే సాగుతుంది. అంచు కుట్టేముందు రెండు మూడు రోజులు వేలాడదీయాలని టీచరమ్మ చెప్పింది, జాక్లిన్ రాసుకుంది కూడా. కానీ ఆ ఇంట్లో చోటేది? ముగ్గురికో అలమరా, ఎప్పుడూ తిరగమోత పొగ. తెల్లటి సిల్కు ఏమైపోతుందోనని దుప్పట్లో చుట్టి సూట్‌కేసులో పెట్టేసింది. ఆ మడతలోంచి తీసిన గౌనుకే అంచు కొలిచి అమ్మకి చెప్పింది.

సువార్తమ్మ మూడు నెలలు అల్లింది. పొద్దుటెండ ఉన్నంతసేపూ గుమ్మంలో కూర్చుని, కారే నీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ, లేసుని ముక్కుకి ఆనించుకుని మరీ అల్లింది. చర్చిలో స్త్రీల కూటానికి కూడా వెళ్ళలేదు. నాలుగు వేళ్ళ వెడల్పున ద్రాక్షతీగ. పార్సిలు అందాక వెతికినా ఒక్క పోగు తప్పు దొరకలేదు. జాక్లిన్ దాన్ని అంచుకి కుట్టి, సోమవారం కాలేజీలో గౌనుని మనిషంత బొమ్మకి తొడిగింది.

బుధవారానికి గౌను సాగింది. లేసు సాగదు కదా! ఒక పక్క గుడ్డ సంచిలా జారి లేసు మీద పడింది. ఇంకో పక్క అంతా పీక్కుపోయి ముడతలు. టీచరమ్మ బొమ్మ చుట్టూ తిరిగి, "శుక్రవారంలోగా లేసు తీసెయ్. లేకపోతే ఫెయిలే," అంది. ఇప్పటికే ఒకసారి తప్పిన సబ్జెక్టు. మళ్ళీ తప్పితే వీసా ఉండదు.

అప్పుడే అమ్మ వీడియో కాల్. "కుట్టేశావా? చూపించు!"

"తర్వాత చూద్దువుగానిలే అమ్మా."

"తర్వాత నాకెక్కడిదే?"

ఆ మాటకి జాక్లిన్ ఇంక తట్టుకోలేక ఫోను గౌను వైపు తిప్పింది. సువార్తమ్మ జానెడు జానెడే చూసుకుంటూ వచ్చింది.

"నా అల్లిక తప్పా?"

"నీది కాదమ్మా, నాదే. వేలాడదీయకుండా కొలిచాను."

"అయితే ఊడదీసెయ్. నా లేసు కోసం చదువు పాడుచేసుకుంటావా?"

కుట్టు కుట్టుకీ ఏడుస్తూ ఊడదీసింది. అంచు సమం చేసింది. శుక్రవారం గట్టెక్కింది. టీచరమ్మ మెచ్చుకుంది కూడా, కానీ ఆ మెప్పు దాని చెవికెక్కితే ఒట్టు. మూడు వారాలు గౌనుని గది కిటికీకే వేలాడదీసి, చీకటి గదిలోనే చదువుకుని, సాగడం ఆగాక అదే లేసుని వేలెడు వేలెడు సర్దుకుంటూ మళ్ళీ కుట్టింది. ఈసారి ఎక్కడా ముడత లేదు. పరుగున ఫోను చేసింది.

"అమ్మా, ఇప్పుడు చూడు! ఎంత చక్కగా కూర్చుందో చూడు!"

సువార్తమ్మ మొహం తెర వైపు కాక, ఎటో గోడ వైపు ఉంది.

"ఆదివారం నుంచీ ఏమీ కనపట్టం లేదే, జాక్లినూ. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు," అంది. తర్వాత, అడక్కుండానే, మెల్లిగా చెప్పింది. "కళ్ళు తెరిచినా మూసినా ఆవేళ చూసిన ముడతలే కనపడుతున్నాయే."