సూదమ్మ సినిమా తీర్పులు

మా పక్కింటి సూదమ్మ సినిమా ఎలా ఉందో తెర చూసి చెప్పదు. సీట్ల వీపులు చూసి చెబుతుంది.

పొద్దున మొదటి ఆటకి ముందు హాల్లో లైట్లన్నీ వేసి ఊడుస్తుంటారు. ఆ వేళకి వెళుతుంది, సంచిలో వంపు సూదులు, మైనం పట్టిన దారం, రెక్సిన్ ముక్కలు, గుప్పెడు చిన్న మేకులు వేసుకుని. ముందు రోజు జనం కోసిన సీట్లు, పీకిన సీట్లు, తన్నిన సీట్లు, అన్నీ పేగులు బయటపడ్డట్టు స్పాంజి కక్కుతూ ఉంటాయి. ఒక్కోదాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని కుడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. వాళ్ళ నాన్న బస్సు సీట్లు కుట్టేవాడు, ఆయన దగ్గర నేర్చుకుంది. అసలు పేరు అందరూ మర్చిపోయారు. అడిగితే తనే ఒక్క క్షణం ఆలోచిస్తుంది.

హాలు మా వీధి చివరే. కొత్త సినిమా వచ్చిందంటే సంగతి తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. తను తిరిగొచ్చే వేళకి గుమ్మంలో కాపు కాస్తాను.

"ఏమే, గొడ్డలి సినిమా ఎలా ఉంది?"

"బ్రహ్మాండం పిన్నీ. ఒక్క సీటు చిరగలేదు."

"చాల్లే! నేను నిన్న చూశానుగా. మనిషిని నిలువునా రెండు చేశాడు. ఒకడి తల ఎగిరి కిటికీలోంచి పక్కింట్లో పడింది. సగం సినిమా కొంగులో ముఖం పెట్టుకునే ఉన్నాను."

"నువ్వు కొంగులో పెట్టుకున్నావు, వాళ్ళు ఈలలేశారు. కడుపు నిండా చూసి ఇళ్ళకి పోయారు. ఎక్కి గెంతినందుకు రెండు స్ప్రింగులు పోయాయి, అంతే."

దెయ్యం సినిమాకి గోళ్ళ గీతలు ఎక్కువట, చేతులు పెట్టుకునే చోట. పోలీసు సినిమాకి ముందు సీటు వీపు మీద బూటు ముద్రలు. రెండు భాగాలుగా తీసిన రాజుల సినిమాకి సీట్ల కింద నిద్రపోయినవాళ్ళు వదిలేసిన చెప్పులు. ఇవన్నీ నవ్వుతూ చెబుతుంది, నేనూ నవ్వుతూ వింటాను. కానీ ఆ మధ్య లాయరమ్మ సినిమా వచ్చింది. మొగుడు వద్దని పెట్టె సర్దుకుని వెళ్ళిపోయిన ఆడదాని కథ. తెర మీద నెత్తురు చుక్క లేదు. నేనైతే రెండు కొంగులు తడిపాను. మర్నాడు సూదమ్మ నడుం పట్టుకుని వచ్చింది.

"పద్నాలుగు పిన్నీ."

"ఏంటి పద్నాలుగు?"

"సీట్లు. ఒకదాన్నయితే పీక కోసినట్టు ఈ చివర నుంచి ఆ చివరికి కోశారు. నరుకుడు సినిమాలకి నాకు పనే ఉండదు. తెర మీద ఆడది కాదందంటే చాలు, మర్నాడు నాకు చేతినిండా పని."

తన మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. పట్టించుకోవలసినదాన్ని, ఎందుకంటే తన కాపురం నాకు తెలుసు. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు వాళ్ళాయన కూరగాయల కత్తితో దిండు కోశాడు, పిలిస్తే వెంటనే పలకలేదని. తను నవ్వుకుంటూ దిండు కుట్టుకుంది, దూది ఏరడానికి నేనూ సాయం వెళ్ళాను. ఏడాది తిరక్కుండా అదే కత్తితో తన మోచెయ్యి కోశాడు. తర్వాత పక్కటెముకలు రెండు విరిచాడు. తల పట్టుకుని గోడకేసి కొడుతుంటే ఇటు మా గోడ మీద సున్నం రాలేది. నేను రేడియో గొంతు పెంచేదాన్ని. అందరి సంగతులూ ఆరా తీసే నేను, ఆ ఒక్క ఇంటి సంగతి మాత్రం ఒక్కసారి కూడా తలుపు తట్టి అడగలేదు. లారీ తిరగబడి అతను పోయేదాకా తొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి. అప్పటికి పిల్లకి ఏడేళ్ళు.

ఆ పిల్లకి ఇప్పుడు ఇరవై మూడు. మందుల షాపులో పని చేస్తుంది, చురుకైనది, నన్ను అమ్మమ్మా అంటుంది. సంబంధం తెచ్చింది నేనే. మా ఆడపడుచు కొడుకు, మా ఆయనకి సొంత మేనల్లుడు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అట్టలు కోసే పని. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, నోట్లో నాలుక లేనట్టుంటాడు. మా ఇంటికొస్తే తాగిన గ్లాసు తనే కడిగి పెట్టేవాడు. అది చూసే నేను పడిపోయాను. పిల్లా పిల్లాడూ ఇష్టపడ్డారు. ముహూర్తం పెట్టుకోవడమే మిగిలింది.

ఆ సంబరంలో సూదమ్మ తనకి హాలువాళ్ళిచ్చిన పాసులు మూడు నా చేతిలో పెట్టింది. "ముగ్గురూ వెళ్ళి రండి పిన్నీ. వెనక నుంచి మూడో వరస, పొద్దున్నే కుట్టాను, కొత్తగా ఉంటాయి."

అది ప్రేమ సినిమా. ఆఖర్న హీరోయిన్ హీరోని కాదని ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. గోడ పక్కన పిల్ల, మధ్యలో నేను, ఇటు మావాడు. మధ్యాహ్నం ఆట, జనం పల్చగా ఉన్నారు, మా ముందు వరస ఖాళీ. వాడి దగ్గర ఏదో టిక్కు టిక్కుమంటుంటే పెన్ను నొక్కుకుంటున్నాడనుకున్నాను. బయటికొచ్చాక అడిగాను.

"ఎలా ఉందిరా?"

"బాగుంది అత్తా. ఆఖర్న ఆ పిల్ల అలా పోవడమే బాలేదు. చూసేవాళ్ళకి ఏం నేర్పుతారు వీళ్ళు?"

"నాకు నచ్చిందే అది" అంది పిల్ల.

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున సూదమ్మ ఇంటికొచ్చి, నా చెయ్యి పట్టుకుని హాలుకి లాక్కెళ్ళింది. మావాడు కూర్చున్న సీటుకి ముందున్న సీటు వీపు మీద తొమ్మిది కోతలు. పొడుగువి కావు, పొడిచి తిప్పినవి. లోపల వేలు పెడితే రెండు కణుపులు దిగింది.

"ఎవడో రాత్రాట వెధవ" అన్నాను.

"సాయంత్రం ఆటా, రాత్రాటా లేవు పిన్నీ, బొమ్మ వేసే మిషను పాడై ఆపేశారు. మీ ఆటే ఆఖరిది."

"నా పక్కనే ఉన్నాడే! నాకు తెలియకుండానా?"

"నువ్వు తెర చూస్తున్నావు." తను నేల మీద కూర్చుండిపోయింది. "దిండు గుర్తుందా నీకు?"

గుర్తు లేకేం. ఆ దూది ఏరింది నేనే.

సాయంత్రం పిల్లని కూర్చోబెట్టి చెప్పాం. అది వింది, చేతులు కట్టుకుంది.

"సీటే కదమ్మా కోసింది."

"తొమ్మిది పోట్లే!"

"తప్పే. నేను అడుగుతాను, మానేస్తాడు. హాలంతా కోసేవాళ్ళే అని నువ్వేగా అంటావు, వాళ్ళందరూ పెళ్ళాలని చంపుతున్నారా? నాన్న ఒకడు అలాంటివాడని లోకమంతా నాన్నేనా?"

సూదమ్మ సంచిలోంచి సూది తీసి దారం ఎక్కించుకోసాగింది. పిల్ల మెత్తబడి అంది, "ఖాళీ సీటు కోసినవాడు మనిషిని కోస్తాడని ఎలా అంటావమ్మా? అక్కడ మనిషి ఉంటే వాడి చెయ్యి లేవదు. రాసిస్తాను కావాలంటే."

"అయితే ఇంకోసారి వెళ్ళండి" అంది తల్లి.

ఆ శుక్రవారం ఇంకో సినిమా వచ్చింది. కత్తులూ బాంబులూ ఉన్నదే, కానీ విరామం అయిన కాసేపటికి హీరోయిన్ హీరో చెంప పగలగొట్టి ముఖాన తలుపేస్తుంది. శని, ఆదివారాల పొద్దున కుట్టిన సీట్లను బట్టి సూదమ్మకి ఆ సంగతి తెలిసిపోయింది. ఆదివారం మధ్యాహ్నం ఆటకి మళ్ళీ అదే వరసలో కూర్చున్నాం. ఈసారి నేను గోడ పక్కకి జరిగి పిల్లని మధ్యలో కూర్చోబెట్టాను. లైట్లు ఆరాక, తల నిండా కొంగు కప్పుకున్న ఆడమనిషి ఒకతె వచ్చి మావాడి ముందు సీట్లో కూర్చుంది. పిల్ల నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది: మనిషి ఉందిగా, చూద్దువుగాని అన్నట్టు. ఆ వచ్చింది ఎవరో దానికి తెలియదు. నాకు తెలుసు. ముందే, వద్దే, నన్ను కూర్చోనివ్వు అని బతిమాలాను కూడా. "నా వీపుకి అలవాటే పిన్నీ" అంది.

విరామం దాకా తెర మీద మనుషుల్ని కోస్తూనే ఉన్నారు. మావాడు పాప్‌కార్న్ తింటూ పిల్లకి ఏదో జోకు చెప్పి నవ్వించాడు. విరామం తర్వాత తలుపు సీను వచ్చింది. చెంప పగిలింది. హాలంతా ఒక్కసారి బుస కొట్టింది.

టిక్కు, టిక్కు.

అది పెన్ను కాదు. ఫ్యాక్టరీలో అట్టలు కోసే బ్లేడు. వాడి కళ్ళు తెర మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం తన పని తను చేసుకుపోయింది. బ్లేడు సీటులో దిగింది, తిరిగింది, బయటికొచ్చింది. ముందు సీట్లో భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. రెండోది. మూడో పోటుకి ఆ మనిషి నోట్లో కొంగు కుక్కుకోవడం నేను చూశాను.

పిల్ల వాడి చెవి దగ్గరకి వంగింది. "ఏయ్, ఏం చేస్తున్నావు? అక్కడ మనిషి ఉంది!"

"ఉండనీ" అన్నాడు వాడు, కళ్ళు తిప్పకుండా. నాలుగోది దింపాడు.

పిల్ల వాడి మణికట్టు పట్టుకుంది. వాడు విదిలించిన విదిలింపుకి బ్లేడు దాని అరచేతిని బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా చీల్చింది. నెత్తురు నా చీర మీద పడింది, వేడిగా. అప్పుడు ముందు సీట్లోంచి సూదమ్మ లేచింది. వీపు తడిసి ముద్దయి ఉంది. వెనక్కి తిరిగి, వాడి చెయ్యి సీటు వీపుకేసి అదిమి, జానెడు వంపు సూదిని ఈ పక్క నుంచి ఆ పక్కకి గుచ్చి దింపింది. చేతిని సీటుకి కుట్టేసినట్టయింది. వాడు పెట్టిన కేక హాలు కప్పుకి తగిలింది.

వెనక నుంచి ఎవడో ఈల వేశాడు. ఇంకొకడు "కూర్చోండమ్మా, బొమ్మ కనబడట్లేదు!" అని అరిచాడు.

వాడు ఎడమ చేత్తో సూదమ్మ జుట్టు పట్టి ముఖాన్ని సీటు ఇనుప అంచుకేసి కొట్టాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. పన్ను రాలిన చప్పుడు వినబడింది నాకు. నా చేతిలో నిండు మంచినీళ్ళ సీసా ఉంది, స్టీలుది. పిల్ల మీదుగా వంగి వాడి కణత మీద కొట్టాను. ఆ తల చిన్నప్పుడు నేను నూనె పెట్టి స్నానం చేయించిన తలే. రెండోసారీ కొట్టాను. లైట్లు వెలిగేసరికి వాడు సీటు కింద ఉన్నాడు, చెయ్యి మాత్రం పైన వేలాడుతోంది. పిల్ల తల్లి వీపు మీద తెగిన చేతిని అదిమి పెట్టి "అమ్మా, నువ్వా? అమ్మా, నువ్వా?" అంటోంది.

పిల్ల చేతికి ఏడు కుట్లు పడ్డాయి, తల్లి వీపుకి పంతొమ్మిది. కుట్టే డాక్టరుతో కూడా ఊరుకోలేదు సూదమ్మ, వాచిన నోటితోనే, "దగ్గర దగ్గరగా వెయ్యండి బాబూ, ఇంత ఎడం వేస్తే వంగితే పిగిలిపోతుంది" అని సలహా చెప్పింది.

మూడో రోజు మా ఆడపడుచు వచ్చింది. కొడుకు లాకప్పులో ఉన్నాడు. ముందు నన్ను తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత పక్కింటికి నడిచింది. వెనకే నేనూ వెళ్ళాను. పిల్ల గడ్డం పట్టుకుని బతిమాలింది.

"సినిమా చూసి ఆవేశపడ్డాడమ్మా. చీకట్లో తెలియలేదు. ఒక్కసారికి కేసులేంటి? పోలీసులకి నువ్విచ్చిన కాగితం వెనక్కి తీసుకో, రేపే ముహూర్తం పెట్టిస్తాను. నిన్ను కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాడు."

సూదమ్మ బోర్లా పడుకుని ఉంది, తల ఎత్తలేదు. పిల్ల ఏమంటుందోనని ఊపిరి బిగబట్టిందని నాకు తెలుస్తూనే ఉంది. పిల్ల కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆవిడ వైపు తిరిగింది.

"చీకట్లో తెలియలేదన్నారు కదండీ. మూడు పోట్ల దాకా తెలియలేదనే అనుకుందాం. మనిషి ఉందని చెవిలో చెప్పాను. నాలుగోది ఆ తర్వాత పొడిచాడు."

"అది కాదే తల్లీ..."

"కాగితం తీసుకోనండి. మీరు వెళ్ళండి."

మంచం మీద సూదమ్మ భుజాలు కదిలాయి. కుట్లు పిగులుతాయే, ఏడవకు అని కసిరాను.

కేసు వచ్చే నెల పిలుస్తారట. ముగ్గురిలో బయటి సాక్షిని నేనే. నిన్న మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆయన అడిగాడు. "సొంత మేనల్లుడి మీద బోనెక్కి చెబుతావా?"

"చూసింది చెబుతాను" అన్నాను.

"మా చెల్లెలు మళ్ళీ ఈ గడప తొక్కదు."

"తొక్కకపోతే మానె."

కంచం విసిరికొట్టాడు. నలభై ఏళ్ళ కాపురంలో అది మొదటిసారి. అన్నం గోడకి అంటుకుని జారింది. నేను మెతుకులు ఎత్తలేదు. వేడినీళ్ళూ దూదీ తీసుకుని, సూదమ్మ వీపుకి కట్టు మార్చే వేళయిందని పక్కింటికి వెళ్ళాను.