విండో ఆగిన చోట

ఆఫీసులో అందరూ ఆమెను పెద్దక్క అంటారు. పదకొండేళ్ళుగా వెబ్‌సైట్లకు పేజీలు తయారుచేస్తోంది. తోడికోడలు చిన్నామెకు అక్కడ ఉద్యోగం ఇప్పించింది ఆమే. ఆ సంగతి మొదటి ఏడాది అందరికీ చెప్పుకుంది. రెండో ఏడాది మానేసింది.

చిన్నామె పద్ధతి వేరు. ఆమె సొరుగు నిండా పాత ఫోన్లే. పేజీ తయారైతే ఒక్కొక్క ఫోనులో తెరిచి చూస్తుంది. అది చాలక వాచ్‌మన్ ఫోనూ అడుగుతుంది, ఇంట్లో అత్తగారి ఫోనూ అడుగుతుంది. పెద్దక్క ఎవరినీ అడగదు. తన పెద్ద మానిటరు మీద పేజీ తెరిచి, బ్రౌజరు విండో అంచు పట్టుకుని లోపలికి జరుపుతుంది. ఇక జరగనన్న చోట ఆగుతుంది. ఆమె లెక్కలో ఫోను తెర వెడల్పు అంతే.

కళ్ళాసుపత్రి వెబ్‌సైటు పని వచ్చింది. మేనేజరు ఇద్దరినీ చెరో మొదటి పేజీ చేయమన్నాడు. ఎవరిది నచ్చితే పనంతా వాళ్ళది, కొత్త జట్టుకు పెద్ద కూడా వాళ్ళే. పెద్దక్క ఇన్నేళ్ళూ ఎదురుచూసిన కుర్చీ అది.

ఆ వారం ఇంట్లో అత్తగారు కళ్ళజోడు తీసేసి ఫోను చూస్తూ కూర్చుంది.

“మన చిన్నది చేసిన ఆసుపత్రి పేజీనే ఇది. జోడు లేకపోయినా కనబడుతోంది చూడు!”

“మీకు అది చేసినవన్నీ కనబడతాయి లెండి అత్తయ్యా,” అని పెద్దక్క గదిలోకి వెళ్ళిపోయింది. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుంది.

తలుపు వేసి, తన ఫోనులో తోడికోడలి పేజీ తెరిచింది. తప్పు కోసం వెతికింది. దొరకలేదు. విసుగొచ్చి ఫోను అడ్డంగా తిప్పింది. పేజీ పైన ఉండే పట్టీ సగం తెర మింగేసింది. డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకునే బటన్ దాని కింద పడిపోయింది.

ప్రాణం లేచివచ్చింది. ఆ మాట చిన్నామెకు చెప్పలేదు. మూడు రోజులు దాచుకుంది. ఆ మూడు రోజులూ ఆమెతో ఎంతో ప్రేమగా మాట్లాడింది.

మీటింగులో మేనేజరు, చిన్నామె ఇచ్చిన ఓ బుల్లి ఫోనులో ఆమె పేజీ చూసి తల ఊపాడు.

“ఒకసారి అడ్డంగా తిప్పండి సార్,” అంది పెద్దక్క.

తిప్పాడు. “అరే, బటన్ ఏదీ?”

చిన్నామె వంగి చూసింది. “అయ్యో, అవును! నేను నిలువుగానే చూస్తూ వచ్చాను. భలే పట్టుకున్నారక్కా! ఎప్పుడు చూశారు?”

పెద్దక్క ఆ ముఖంలో కోపం వెతికింది. లేదు. అదే ఆమెకు మింగుడుపడలేదు.

“ఇప్పుడు మీది చూద్దాం,” అని మేనేజరు అదే ఫోను నిలువుగా పట్టుకున్నాడు. బటన్ కుడివైపు అంచు దాటి పోయింది. ‘అపాయి’ వరకే మిగిలింది.

ఆమె మానిటరు మీద విండో ఆగే చోటు కంటే ఆ తెర చాలా ఇరుకు. విండో ఆగే చోటు బ్రౌజరు పెట్టుకున్న హద్దు, ఫోను హద్దు కాదు. పదకొండేళ్ళలో ఆ అనుమానమే రాలేదు.

“అడ్డంగా చూసేవాళ్ళు పదిమందిలో ఒకరుంటారేమో పెద్దక్కా. నిలువుగా అందరూ చూస్తారు,” అన్నాడు మేనేజరు. “పని చిన్నావిడకే. కానీ ఇకమీదట ఏ పేజీ అయినా మీరు చూశాకే బయటికెళ్ళాలి.”

“అంటే తప్పులు వెతకడమా?”

“మీకు చేతనైన పనేగా!”

చిన్నామె నవ్వింది. పెద్దక్క కూడా నవ్వక తప్పలేదు.

అప్పటినుంచి తోడికోడలి పేజీలు ఆమె బల్ల మీదికే వస్తున్నాయి. తప్పు దొరికిన రోజు ఆమె ఇంటికి హుషారుగా నడుస్తుంది. దొరకని రోజు ఎవరితోనూ మాట్లాడదు.

ఓ మధ్యాహ్నం చిన్నామె వచ్చి బల్ల పక్కన నిలబడింది. “అక్కా, ఏమైనా దొరికిందా?”

పెద్దక్క ఫోను నిలువుగా చూసింది. అడ్డంగా చూసింది. అక్షరాలు పెద్దవి చేసి చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసింది.

“ఏం లేదు. పంపించుకో,” అంది, చాలాసేపటికి.