మస్తాన్ గారి మీద నేను రాసిన రిపోర్టు

ఆరేళ్లుగా ఒక కాగితం బరువు మోస్తున్నాను. నేను రాసిందే. నాలుగు వాక్యాలు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేదు.

తెనాలిలో పాత బస్సుల మ్యూజియం ఒకటి ఉంది. అందులో విద్యా విభాగం అంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, ఇంటర్న్‌గా చేరిన నేను. స్కూలు పిల్లలు వస్తే బస్సులు చూపించి, పాఠం చెప్పి, ప్రశ్నల కాగితం నింపించాలి. బాపట్లలో నాన్న స్కూటర్ వెనక, ఆ తర్వాత కాలేజీ వ్యానులో తిరిగినదాన్ని. ఎర్ర బస్సు నేనెప్పుడు ఎక్కాను గనక? అయినా మెడలో కార్డు పడగానే పెద్ద పండితురాలినైపోయాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మస్తాన్ గారు రిటైరైన కండక్టరు. వారానికి రెండు రోజులు ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని రేపల్లె నుంచి వచ్చేవారు, ఊరికే, పిల్లల కోసం. ఆయన "రైట్ రైట్" అంటే ఆగి ఉన్న బస్సులో పిల్లలు నిజంగానే ఊగేవారు. నా పాఠానికి ఆవలించేవారు.

ఒకరోజు చెరుకుపల్లి నుంచి పిల్లలు వచ్చారు. ఒక గంట కొడితే బస్సు కదులుతుంది, రెండు కొడితే ఆగుతుంది అని నా ప్రశ్నల కాగితంలో తిరగేసి రాశాను. ఆయన చదివి పకపకా నవ్వారు.

"ఏంటమ్మా ఇదీ? ఇట్టా కొడితే డ్రైవరు రేపల్లె దాకా ఒక్కర్నీ దింపడు గదా!"

పిల్లలు నవ్వారు. టీచర్లూ నవ్వారు. ఆయన ఆ క్షణమే మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

ఆ సాయంత్రం రిపోర్టులో రాశాను, మస్తాన్ గారు ఒక పిల్లాణ్ణి చెంప మీద కొట్టారని. కోపంలో రాశానని చెప్పుకుందామా? లేదు, ముందు చిత్తు రాసుకుని, తర్వాత గుండ్రటి అక్షరాలతో మళ్లీ రాశాను. ఆఫీసరు ఎవరా పిల్లాడని కూడా అడగలేదు. గొడవ లేకుండా ఆయన్ని రావద్దని చెప్పమని నాకే పురమాయించాడు. అలాంటి ఆఫీసు అది. దానికి తగినదాన్ని నేను.

తర్వాతి వారం ఆయన్ని గేటు దగ్గరే ఆపాను.

"ఇక మీరు రానక్కర్లేదండి. మీకు శ్రమ ఎందుకని..."

"శ్రమేముందమ్మా? నా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

"లేదండి."

లోపల పిల్లల గోల వినిపిస్తోంది. ఆయన కాసేపు అటే చూశారు.

"సరేనమ్మా. పిల్లల్ని ఫుట్‌బోర్డు మీద నిలబడనియ్యబాక, జారతారు."

అంతే, బస్టాండు వైపు వెళ్లిపోయారు.

రాసిన అబద్ధం కన్నా ఆ "లేదండి" నన్ను ఎక్కువ పీడిస్తుంది. ఎందుకు? ఆ మొత్తం వ్యవహారంలో నేను చెప్పిన నిజం అదొక్కటే. అదీ ఆయన్ని వదిలించుకోవడానికి చెప్పాను.

ఇప్పుడు నేను టీచర్ని. ఆ మ్యూజియం సర్టిఫికెట్టు ఉద్యోగానికి బాగానే పనికొచ్చింది. నిజాయితీ మీద పిల్లలతో వ్యాసాలు రాయించి మార్కులు కూడా వేస్తున్నాను, సిగ్గు లేకుండా. రేపల్లె పెద్ద దూరమేమీ కాదు. వెళ్లలేదు. వెళ్తాననీ అనను. ఆయనకు చెప్పకుండా మీకు చెప్పడం కూడా పిరికితనమే, తెలుసు. అయినా ఒక్కసారైనా ఈ మాట నా చేత్తో రాస్తే తప్ప ఊపిరి ఆడేలా లేదు. మస్తాన్ గారు ఎవర్నీ కొట్టలేదు.