అన్నీ మగవే

బన్సీలాల్‌పేట్‌లోని మా ఇంటి హాల్లో టీవీ ఉండాల్సిన చోట చేపల తొట్టి ఉంటుంది. అందులో డ్వార్ఫ్ సిక్లిడ్లనే వేలెడంత చేపలు. మగదానికి పొడుగు రెక్కలు, రంగులు. ఆడది మామూలుగా బూడిద రంగే గానీ, గుడ్లు పెట్టిందంటే పసుపు ముద్దలా మారిపోయి పిల్లల దగ్గరికి మొగుణ్ణి సైతం రానివ్వదు. నాకు ఆడదంటేనే ఇష్టం.

నా జంటకు పుట్టిన మొదటి విడత పిల్లల్లో సగం రెజిమెంటల్ బజార్‌లో ఉండే ఒకతనికి ఊరికే ఇచ్చాను. మిగతా సగం నా దగ్గర బతకలేదు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు దొరకడమే గగనం కదా. నన్ను అక్కా అనేవాడు. మా ఇంట్లో పెసరట్లు తిని, తొట్టి ముందు నేలమీద చతికిలబడి గంటలు గడిపేవాడు.

రెండో విడత గుడ్లు పిల్లలయ్యేసరికి చలికాలం. "హీటర్ ఫుల్ పెట్టక్కా. నీళ్ళు జెర వేడిగుంటె పిల్లలు మస్తు పెరుగుతయి," అన్నాడు. పెట్టాను. తమ్ముడు చెప్పాక ఇంకొకర్ని అడగడమేమిటి?

అవి ఎదుగుతుండగానే తల్లి చచ్చిపోయింది. ఏడ్చాను, నవ్వితే నవ్వండి. పోనీలే, కూతుళ్ళున్నాయి కదా అని సర్దుకున్నాను. తీరా రంగులు తేలాక చూస్తే అన్నీ మగవే. ఒక్క ఆడది దొరక్కపోతే నా తొట్లో ఆ వంశం అక్కడితో సరి.

అతని దగ్గరికే వెళ్ళాను. వరండాలో తొట్లు, ఒక్కదానికీ హీటర్ లేదు. నేనిచ్చిన నా చేప కూతుళ్ళు పసుపుపచ్చగా మెరుస్తూ పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నాయి.

"నీళ్ళు ఇంత చల్లగా ఉన్నాయేం?"

"చల్లగుంటెనే ఆడవి ఎక్కువైతయక్కా. వేడిగుంటె అన్నీ మగవే," అన్నాడు మేత వేస్తూ, వేరే ధ్యాసలో. అన్నాక చెయ్యి ఆగిపోయింది.

"మరి నన్నెందుకు వేడి పెట్టమన్నావు?"

మేత డబ్బాకి మూత పెట్టాడు. "ఆడవి అందరి దగ్గరుంటె నా దగ్గర కొననీకి ఎవరొస్తరు?"

"ఆ అందరిలో నేనూ ఉన్నానా తమ్ముడూ?"

పక్క తొట్టి అద్దం తుడవసాగాడు. సిగ్గు విడిచి ఒక్క ఆడదాన్నివ్వమని అడిగాను.

"అన్నీ బుక్కయినయక్కా. మగది కావాల్నంటె ఇప్పుడే తీస్కపో."

చెప్పులేసుకున్నాను. మెట్లు దిగుతుంటే వెనకనుంచి, ఎప్పటి గొంతుతోనే, "మెల్లగ దిగక్కా, తడిగున్నయి," అన్నాడు.