జారిపోయిన గాజు

గాజుల మామ్మ పోయిందని మొన్న ఆత్రేయపురం పడవలో వచ్చినవాళ్లు చెప్పారు. మా చుట్టుపక్కల ఆవిడ పట్టుకోని ఆడపిల్ల చెయ్యి లేదు. నేనివాళ బతికుండి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆవిడ చలవే.

కొత్త కాలువలో పడవలు నడవడం మొదలైన రోజులవి. నాకు పదమూడేళ్లు. పెళ్లయింది, ఇంకా కాపురానికి పంపలేదు. అత్తవారి వైపు ఎవరో "పిల్ల గంగాళంలా ఉందే" అని నవ్వారు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నాకు ఉపవాసాలు పట్టుకున్నాయి. సోమవారం, శనివారం, ఏకాదశి... చివరికి అన్నం తినే వారమే మిగల్లేదు. "మా అమ్మాయికి ఎంత భక్తో!" అని అమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోయేది. ఎంత పిచ్చివాళ్లం!

శ్రావణంలో మామ్మ గాజుల మలారం భుజాన వేసుకుని వచ్చింది. ఎప్పుడూ నా చెయ్యి నలిపి నలిపి ఎక్కించేది. నేను కెవ్వుమంటే పకపకా నవ్వేది. ఆ రోజు గాజు దానంతటదే మోచేతి దాకా జారిపోయింది.

"చూసేవా మామ్మా, చెయ్యి ఎంత నాజూగ్గా అయిందో!" అంది అమ్మ.

మామ్మ నవ్వలేదు. చల్లబడ్డ నా వేళ్లు, నీలం తిరిగిన గోళ్లు, ముంజేతి మీద కొత్తగా మొలిచిన నూగు, అన్నీ తడిమి చూసింది. తల నిమిరితే వెంట్రుకలు చేతికొచ్చాయి.

"ఇది భక్తి కాదండీ అమ్మగారూ. పిల్లకి తిండంటే భయం పట్టుకుందండీ. నా పెద్దదాని చెయ్యీ ఇలాగే ఉండేదండి. సన్న గాజులు తొడిగి మురిసిపోయేను. ఆ ఏడే పోయిందండి."

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "మరేం చెయ్యమంటావే?"

"వైద్యులుగారికి చూపించండి. తిట్టకండి, పొగడకండి. పక్కన కూచుని మీరూ తినండి."

చిన్న కొలత గాజులు తొడగమని నేనెంత ఏడ్చినా మామ్మ తొడగలేదు. వారం వారం వచ్చి, అరుగు మీద నా పక్కనే కూర్చుని, ఊరి కబుర్లు చెబుతూ చద్దన్నం తినేది. ఎంత తిన్నావని ఒక్కనాడూ అడగలేదు. ముసల్దానికి నా మీద పెత్తనమేమిటని నాకు ఒళ్లు మండిపోయేది. మనిషిని కావడానికి రెండేళ్లు పట్టింది.

నిన్న ఆకు ముందు కూర్చున్న పక్కింటి పిల్ల చిక్కిపోయిన చెయ్యి పట్టుకోబోతే చప్పున పైటలోకి లాక్కుంది. "వదినా, నాకూ ఇక్కడే ఆకు వెయ్యి" అని వాళ్లమ్మతో చెప్పి పక్కన కూర్చున్నాను. పిల్ల నా వంక చూడలేదు. చాలాసేపటికి, వేలి కొసతో ఒక్క మెతుకు తీసి నోట్లో పెట్టుకుంది.